గేటుకు మిగిలిన నీలం రంగు

మా అత్త వంగలేకపోతున్నానని మొదటిసారి చెప్పినప్పుడు నేను ఖాళీ సంపు అడుగున నిలబడి ఉన్నాను. చేతిలో కొబ్బరి పీచు, నెత్తిన పాత తువ్వాలు, ముక్కు మీద కోపం. ఆవిడ పైన మూత పక్కన నిలబడి, "నాకు వంగేకి కాలేదమ్మా. నడుమూ మోకాళ్ళూ పట్టేసినట్లుండాది" అంది. నేను నమ్మలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత మూడేళ్ళు నమ్మలేదు.

చిక్కబళ్ళాపురం అప్పటికింకా జిల్లా కాలేదు. ఏ కాగితం కావాలన్నా కోలారు దాకా పోయేవాళ్ళం. మా ఊరు బాగేపల్లికి ఆరేడు మైళ్ళ దూరం. మా ఆయనకు బాగేపల్లిలో విత్తనాల అంగడి ఉండేది. పొద్దున బస్సుకు పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. పగలంతా ఇంట్లో ఉండేది నేనూ, మా అత్తా. ఇద్దరు ఆడవాళ్ళు ఒక ఇంట్లో పగలంతా ఉంటే ఎంత శాంతిగా ఉంటుందో అంత శాంతిగా ఉండేది.

శివరాత్రి వెళ్ళి చలి వెనక్కి తగ్గగానే నాకు పూనకం వచ్చేది. మా ఆయన ఆ మాటే అనేవాడు. చలికాలమంతా బచ్చలింట్లో స్నానానికి నీళ్ళు కాచే హండా కింద కట్టెలు మండించి మండించి గోడ నల్లగా పేరుకునేది. ఆ మసి గీకాలి. పొగగొట్టం విప్పి దులపాలి. మిద్దె మీద ట్యాంకులో రాలిన వేపాకు కుళ్ళి అడుగున జిగురులా పట్టేది, దాన్ని తోడాలి. కుళాయిలకు వాషర్లు మార్చాలి. అన్నిటికంటే పెద్ద పని సంపు. ఊరి చివర పంచాయతీ బోరు నుంచి రెండు రోజులకొకసారి వదిలే నీళ్ళు వాకిట్లో భూమిలో కట్టిన ఆ తొట్టిలోకి చేరేవి. అక్కడి నుంచి మోటారు మిద్దె మీదికి ఎక్కించేది. ఎండలు ముదిరితే నీళ్ళు వారానికొకసారే వచ్చినా వస్తాయి, రాకపోయినా రావు. అందుకే ఉగాదిలోపల సంపు కడిగి, సున్నం పూసి, ఆరబెట్టి, నిండుగా పట్టి పెట్టుకోవాలి. ఇందులో ఏ ఒక్కటి మిగిలినా నాకు నిద్ర పట్టదు. ఇంట్లో నీళ్ళు పారే దారి ప్రతి అంగుళమూ నాకు తెలుసని, నా చేతి కింద శుభ్రంగా ఉందని నాకు గర్వం. ఆ గర్వాన్ని ఇక్కడ మొదటే ఒప్పుకోవడం మంచిది.

నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ సంపులోకి మొదట దిగేది మా అత్తే. ముందు రోజే మూత తీసి గాలి తగలనిచ్చేది. తెల్లారి కొంగు దోపుకుని నిచ్చెన మీద దిగి, అడుగున ఒండ్రును చేతులతో ఎత్తి బక్కెట్లో వేసేది. నేను పైకి లాగేదాన్ని. అంతా కడిగాక నాలుగు మూలలా పసుపు రాసి, కుంకుమ పెట్టి, గంగమ్మకు ఒక టెంకాయ కొట్టేది. కొత్త నీళ్ళు వదిలాక గొంతుదాకా నిండే వరకూ పక్కనే కూర్చునేది. అన్నీ చేసి, ఆ నీళ్ళు మాత్రం తాగేది కాదు.

"సిమెంటు తొట్లో నిలబడిన నీళ్ళు చచ్చిన నీళ్ళు" అనేది. ఆవిడ తాగేది మా గేటుకు ఎదురుగా ఉన్న బోరింగు నీళ్ళు. దాని చేతిని పైకీ కిందికీ ఆడించి, అప్పటికప్పుడు భూమిలోంచి తీసినవే నీళ్ళంటే ఆవిడకు. చలికాలం పొద్దున ఆ నీళ్ళు గోరువెచ్చగా, సన్నగా ఆవిరి తీస్తూ వచ్చేవి. చెంబు పట్టుకుని, తల వెనక్కి వాల్చి, పెదవికి తగలకుండా గొంతులోకి ఎత్తి పోసుకునేది. తర్వాత రెండు పాదాలూ ఆ ధార కింద పెట్టుకుని కాసేపు అట్లాగే నిలబడేది. ఆ ముఖంలో అంత సుఖం నేను వండి పెట్టినప్పుడు ఎన్నడూ చూడలేదు. కొంచెం కుళ్ళుకునేదాన్ని కూడా.

నేను చెప్తున్న సంవత్సరం చలికాలంలో నీళ్ళు పరీక్ష చేసే సర్కారు ఆఫీసు వాళ్ళు ఇద్దరు వచ్చారు. బోరింగు నీళ్ళు సన్నటి గాజు గొట్టంలో పట్టి, రెండు చుక్కల మందు వేశారు. గులాబి రంగు మందు చూస్తుండగానే పసుపుకు తిరిగింది. ఒకాయన తల ఊపి, సంచిలోంచి డబ్బా తీసి బోరింగు మీద పెద్ద ఎర్ర గుర్తు అడ్డంగా వేశాడు. గేటు దగ్గర నిలబడిన నాతో, "ఈ నీరు కుడీబేడి అమ్మా. బట్టె, పాత్రె తొళెయోకె మాత్ర" అన్నాడు. తాగొద్దు, బట్టలకూ అంట్లకూ మాత్రమే. ఎందుకని అడిగితే ఎముకలకు మంచిది కాదన్నాడు. అంతలో వాళ్ళ జీపు హారన్ కొట్టింది.

నేను లోపలికి వచ్చి మా అత్తతో చెప్పాను. "ఎముకలకు" అన్న ముక్క చెప్పానా లేదా అని తర్వాత ఎన్నోసార్లు గుర్తు తెచ్చుకోవడానికి చూశాను. చెప్పలేదనే అనుకుంటాను. నేను చెప్పిన తీరు ఇంకోలా ఉండింది: "చూసినారా, మీ బోరింగు నీళ్ళు పనికిరావని సర్కారే చెప్పింది. ఇకనైనా నేను కడిగిన తొట్టి నీళ్ళు తాగండి." గెలిచానన్న మాట అది.

ఆవిడకు చదువు రాదు, సర్కారు మాటంటే భయం. మానేసింది. కుళాయి నీళ్ళు ముక్కు మూసుకుని మందులా మింగేది. వారానికి ఒకసారైనా, "ఆ ఎర్ర గుర్తు ఎప్పుడు తీస్తారమ్మా?" అని అడిగేది. మొదట్లో తెలియదన్నాను. అడిగి అడిగి విసిగిస్తుంటే ఒకరోజు పొయ్యి దగ్గర నుంచే, "బాగు చేసినాక తీస్తారు లెండి" అన్నాను. నోరు మూయించడానికి అన్న మాట. ఆ మాటతో నిజంగానే అడగడం మానేసింది.

ఇక ఆ శివరాత్రి తర్వాత సంపు దగ్గర గొడవ. ఆవిడ దిగకుండా నిలబడితే నేనే దిగాను. వంగలేనని ఆవిడ పైనుంచి అనగానే నాకు ఒళ్ళు మండింది. బోరింగు మాన్పించానని సాధిస్తోంది, పని తప్పించుకుంటోంది అనుకున్నాను. అడుగున నిలబడి తల పైకెత్తి, "బోరింగు కొట్టేటప్పుడు ఏ నొప్పీ లేదు. నా తొట్టి కడగమంటే వచ్చిందా? వంగలేని నడుము మీకు నాకోసమే దాచిపెట్టినట్టుంది" అన్నాను. పక్కింటావిడ గోడ అవతల బట్టలు ఆరేస్తూ విన్నది. మర్నాడు పొద్దున మా అత్త బస్సెక్కి చింతామణిలో కూతురి ఇంటికి వెళ్ళిపోయింది. సంపు నేనొక్కదాన్నే కడిగాను. పసుపూ కుంకుమా నేనే పెట్టాను. ఆవిడ లేకపోయినా పని ఆగలేదని మనసులో అనుకున్నది కూడా నిజమే.

ఆవిడ అక్కడున్న పదిహేను రోజుల్లోనే ఉగాదికి గేటుకు రంగు వేయించాను. నీలం రంగు. డబ్బాలో పావు వంతు మిగిలింది. రంగు వేసిన పెద్దాయన బ్రష్షు పట్టుకుని, "మిగిలిన రంగు ఎండిపోతాదమ్మా. ఎదురుగా బోరింగు తుప్పు పట్టి ఉండాది. దానికి ఏసేద్దునా?" అన్నాడు. నేను బోరింగు వైపు చూశాను. పండగ పూట గేటు తెరవగానే కళ్ళ ముందు ఆ ఎర్ర గీతలు. కీడు గుర్తులా ఉంది నా కంటికి. ఊళ్ళో అందరికీ ఇళ్ళలో కుళాయిలు వచ్చాయి, తాగకూడదన్న సంగతి అందరికీ తెలుసు అనుకున్నాను. "ఏసేయప్పా" అన్నాను. సాయంత్రం మా ఆయన వచ్చి చూసి, "సర్కారు ఆస్తికి కూడా మనమే సున్నాలు కొట్టాల్నా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

పండగ ముందు రోజు మా అత్త తిరిగి వచ్చింది. గేటు బయటే సంచి పట్టుకుని కాసేపు నిలబడి బోరింగును చూసింది. నేను కిటికీలోంచి చూశాను. మాటలు లేవు మా మధ్య. ఆవిడ నన్ను ఏమీ అడగలేదు, నేను ఏమీ చెప్పలేదు. ఆ రోజు మాటలుండి ఉంటే ఏమయ్యేదో అని ఆలోచించకుండా నాకు ఒక్క ఉగాదీ గడవలేదు.

తర్వాత పొద్దున్నే బోరింగు చప్పుడు వినిపించడం మొదలైంది. కాళ్ళు కడుక్కుంటోంది అనుకున్నాను. కడగడానికి మంచివేనని ఆఫీసాయన చెప్పాడు కదా. ఆవిడ గదిలో ఇత్తడి బిందె నిండుగా ఉండేది. అవి కుళాయి నీళ్ళేనని అనుకున్నాను. మూత తీసి, ఇవి ఎక్కడివని అడిగితే తెలిసేది. ఇంట్లో ప్రతి గొట్టమూ విప్పి చూసే నేను ఆ ఒక్క బిందె మూత ఎత్తలేదు.

మాటలు మళ్ళీ కలిశాయి. ఒక పొయ్యి మీద వండుకునేవాళ్ళకు కలవక తప్పదు. కానీ ఆవిడ నొప్పి గురించి నాతో చెప్పడం మానేసింది. కొడుకుతో చెప్పేది, కూతురికి చెప్పేది. రెండో ఏడు చలి పోయేసరికి కింద కూర్చోవడం మానేసింది. అన్నం కుర్చీలో తినేది. నేను కంచం ఎత్తి చేతికిస్తూ, "దొరసానమ్మకు కుర్చీ కావాల్సొచ్చె" అని ఎగతాళి చేశాను. ఆవిడ నవ్వినట్టు పెట్టింది ముఖం. అదే వేసవిలో తోడుగా ఒకావిడను తీసుకుని మురుగమల్ల దర్గాకు వెళ్ళి మోకాళ్ళకు మొక్కుకుని వచ్చింది. అంత దూరం బస్సులో పోగలిగిన మనిషికి వాకిట్లో ముగ్గు వేయడానికి వంగరాదా అని మా ఆయనతో అన్నాను. ఆయన బాగేపల్లి నుంచి నూనెలూ మాత్రలూ తెచ్చేవాడు. ఆవిడ అవి రాసుకుని, మింగి, బోరింగు దగ్గరికి పోయేది.

మూడో ఏడు చలికాలంలో ఒకరోజు ఆవిడ చెంబుకు పెదవి ఆనించి తాగుతుంటే చూశాను. మా ఇంట్లో ఎంగిలి పట్టింపు ఆవిడకున్నంత ఎవరికీ లేదు. నేను పెళ్ళైన కొత్తలో గ్లాసు నోటికి ఆనించుకుని తాగానని ఆ గ్లాసును చింతపండు పెట్టి మూడుసార్లు తోమించింది. అది మనసులో పెట్టుకున్నదాన్ని కదా, "ఏమత్తా, ఇప్పుడు ఎంగిలి లేదా?" అన్నాను. చెంబు దించి, "మెడ ఎనక్కి పోలేదమ్మా" అంది. పిలిస్తే తల తిప్పడం పోయి మనిషంతా తిరగడం మొదలైందని నాకప్పుడు తట్టింది. నా నవ్వు నాకే చేదుగా తగిలింది. ఆ వారమే చిక్కబళ్ళాపురం తీసుకుపోదామని నేనే మా ఆయనతో అన్నాను.

చిక్కబళ్ళాపురం అప్పుడే కొత్తగా జిల్లా అయింది. ఎక్కడ చూసినా కొత్త బోర్డులు, తడి ఆరని గోడలు. ఆసుపత్రిలో ఎముకల ఫోటోలు తీయించాక డాక్టరు వాటిని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. వెన్నుపూసలు విడివిడిగా కనిపించాల్సిన చోట తెల్లగా, ఒకే కట్టెలా ఉంది. "ఏ నీళ్ళు తాగుతారమ్మా?" అని అడిగాడు.

నేను ముందుకు జరిగి జవాబు చెప్పాను. గొంతులో ఆ పాత గర్వం. "పంచాయతీ కుళాయి నీళ్ళు సార్. పరీక్ష చేసిన బోరువి. ఏటా ట్యాంకూ సంపూ నేనే కడుగుతాను. బోరింగు నీళ్ళు ఎప్పుడో మాన్పించాను."

మా అత్త మనిషంతా తిరిగి నా వైపు చూసింది. తర్వాత డాక్టరుతో, "లేదప్పా, నేను తాగేది బోరింగు నీళ్ళే" అంది. "మొదట ఎర్ర గుర్తు ఏసిరి, మానేస్తిని. కుళాయి నీళ్ళు నాకు పడవు. అయినా అవే తాగితిని. మళ్ళా సర్కారోళ్ళు బాగు చేసి గుర్తు తీసేసిరి కదా. నీలం రంగు కూడా ఏసిరి. అప్పటి నించి అవే తాగుతాండాను." ఇంత చెప్పి, నేను అబద్ధమాడానని డాక్టరు అనుకుంటాడేమోనని కాబోలు, నన్ను వెనకేసుకొచ్చింది. "మా కోడలికి తెల్దప్పా నేను మళ్ళా తాగేది. కానీ కోడలే చెప్పింది నాకు. బాగు చేసినాక గుర్తు తీస్తారని."

మా ఆయన నా వైపు చూడలేదు. నీలం రంగు ఎవరు వేయించారో ఆయనకు తెలుసు. చూడకపోవడం ఆయన చేసిన మేలో, శిక్షో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ నీళ్ళల్లో ఫ్లోరైడు ఎక్కువని, అది ఎముకల్లో చేరి వాటిని బిగిస్తుందని డాక్టరు చెప్పాడు. ఇది రెండు మూడేళ్ళ పని కాదని, చిన్ననాటి నుంచీ తాగిన నీళ్ళ పని అని కూడా చెప్పాడు. నీళ్ళు మారిస్తే ఇంకా ముదరకుండా ఉంటుందేమో కానీ బిగిసింది తిరిగి వంగదన్నాడు. మొదట్లోనే మానేసి ఉంటే అని మా ఆయన అడగబోయి ఆగిపోయాడు. ఆ బిగుసుకుపోవడంలో నా మూడేళ్ళ వాటా ఎంత అని నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు. ఆసుపత్రి మెట్లు దిగేటప్పుడు ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి ఒక్కొక్క మెట్టూ పక్కకు తిరిగి దిగింది. ఆ చెయ్యి ఎంత తేలికగా ఉందో!

మర్నాడు పొద్దున అంగడి నుంచి ఎర్ర రంగు తెప్పించుకుని బోరింగు దగ్గరికి పోయాను. వేరే మనిషిని పిలవలేదు. దారిన పోయేవాళ్ళు ఏమిటని అడిగితే చెప్పాను. కొత్తగా వచ్చిన కూలి కుటుంబాలు రెండు ఆ నీళ్ళే పట్టుకుపోతున్నాయని అప్పుడే తెలిసింది. వాళ్ళ గుడిసెల దాకా పోయి చెప్పి వచ్చాను, మా గేటు లోపల కుళాయి దగ్గర పట్టుకోమన్నాను. తిరిగి వచ్చి గీతలు వేస్తుంటే మా అత్త వరండాలో కుర్చీలోంచి చూస్తోంది.

"మళ్ళా చెడిపాయెనా అమ్మా?" అని అడిగింది.

బ్రష్షు డబ్బాలో పెట్టి లోపలికి వచ్చాను. కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చింది. నమ్ముతుందని తెలుసు. అందుకే ఆడలేకపోయాను.

"మళ్ళీ చెడిపోలేదత్తా. అది ఎన్నడూ బాగు కాలేదు. బాగు చేసి తీస్తారని నేను ఊరికే అన్నాను. నీలం రంగు సర్కారు వాళ్ళు వేయలేదు. మీరు చింతామణిలో ఉన్నప్పుడు గేటుకు మిగిలిన రంగు నేనే వేయించాను" అన్నాను.

ఆవిడ తల వంచి నన్ను చూడాలనుకుంది. మెడ వంగలేదు. ఎదురుగా గేటు వైపే చూస్తూ కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని, ఏడిస్తే కొంచెం తేలికయ్యేది.

"నాకు నొప్పి అంటే నువ్వు నమ్మలేదు" అంది. గొంతు పెంచలేదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టే చెప్పింది. "నువ్వు చెప్పిందాన్ని నేను నమ్మితిని."

తర్వాత అయిదేళ్ళు బతికింది. చివరి రెండేళ్ళు మంచం మీదే. కుళాయి నీళ్ళు ఆవిడకు పడవని మేము వాన నీళ్ళు పట్టే ఏర్పాటు చేసుకున్నాం. అవి చాలకపోతే మా ఆయన బాగేపల్లి నుంచి క్యాన్లు తెచ్చేవాడు. రోజూ నేనే తల కింద చెయ్యి పెట్టి, గ్లాసు పెదవికి ఆనించి తాగించేదాన్ని. అవి ఎక్కడి నీళ్ళో ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు. నేను గ్లాసు పట్టుకుంటే నోరు తెరిచేది. ఒక్కసారైనా అడిగితే బాగుండునని ప్రతిసారీ అనుకునేదాన్ని.